ముప్పై ఒకటో వారం

నా చేతిరాత బాగుంటుంది. చిన్నప్పటి నుంచీ అందరూ అదే మాట. ఆ రోజు ప్రిన్సిపాల్ గురునాథరావుగారు కూడా నా పాత పాఠాల డైరీని టేబుల్ మీద తెరిచి పెట్టి ముందు ఆ మాటే అన్నారు.

"చూడండి సార్, ముత్యాల్లాంటి అక్షరాలు. మా అనూరాధ మేడం ఒక్క వారం కూడా ఖాళీ వదలరు."

ఎదురుగా కూర్చున్నాయన పేరు శ్రీరామ్మూర్తి. ఇనుప దూలాలు తయారుచేసే ఒక యార్డులో సేఫ్టీ ఆఫీసరు. పది రోజుల కిందట ఆ యార్డులో క్రేనుతో దూలం ఎత్తుతుంటే తాడు తెగింది. కింద నిలబడ్డ సూరన్న అనే పనివాడు అక్కడికక్కడే పోయాడు. దూలానికి తాళ్ళు కట్టింది, ఎత్తమని క్రేను ఆపరేటర్‌కి చెయ్యి ఊపింది నాగబాబు. మా ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చదివి రెండేళ్ళ కిందట బయటికెళ్ళిన కుర్రాడు. లెక్కలు నా దగ్గరే నేర్చుకున్నాడు.

"మాకు ఒక్కటే కావాలి మేడం," అన్నాడు శ్రీరామ్మూర్తి. "తాళ్ళతో బరువులెత్తే లెక్క మీ సిలబస్‌లో ఉంది. ఆ కుర్రాడికి అది నేర్పారా లేదా?"

గురునాథరావుగారు వేలు పెట్టి చూపించారు. 'ముప్పై ఒకటో వారం. రెండు తాళ్ళతో బరువు ఎత్తునప్పుడు కోణమును బట్టి ఒక్కొక్క తాడుపై పడు భారము. ఉదాహరణ లెక్కలతో.' కింద నా సంతకం. పక్కన తెరిచిన హాజరు పుస్తకంలో ఆ రోజు నాగబాబు వచ్చినట్టే ఉంది.

శ్రీరామ్మూర్తి రెండు పుస్తకాలకూ ఫోనుతో ఫొటోలు తీసుకున్నాడు. "అయితే ఇంకేముంది. మీరు నేర్పారు. వాడు అశ్రద్ధ చేశాడు. సోమవారం ఎంక్వైరీలో మీరొక్కసారి వచ్చి చెబితే చాలు."

అప్పుడు నాకు ముందుగా కలిగింది ఊరట. హమ్మయ్య, డైరీ రాసి పెట్టుకున్నాను, బతికిపోయాను అనుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ పాఠం నేను చెప్పలేదు. ఆ వారమే కాదు, ఏ వారమూ చెప్పలేదు.

మా ఐటీఐ మద్దిలపాలెంలో ఒక ఫర్నిచర్ షాపు పైన రెండంతస్తుల్లో ఉంటుంది. వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో. నేను చెప్పేది వర్క్‌షాప్ లెక్కలు. పదో తరగతి గట్టెక్కి వచ్చిన పిల్లలకి భిన్నాలు, వైశాల్యాలు, పళ్ళచక్రాల లెక్కలు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పిల్లలు నాకు భయపడతారు, ఆ భయాన్ని నేను పదకొండేళ్ళుగా గౌరవం అనుకుంటూ వచ్చాను.

డైరీ సంగతి కూడా చెప్పాలి. ఏ రోజు పాఠం ఆ రోజు రాయాలని నియమం. ఎవరూ రాయరు. నెలాఖరు శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరం కూర్చుంటాం. టీ, సమోసాలు వస్తాయి. పోయిన ఏడాది డైరీ పక్కన పెట్టుకుని, తేదీలు మార్చి, నాలుగు వారాలూ ఒక్క పూటలో దించేస్తాం. నేను రెండు పెన్నులు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి రాసేదాన్ని, ఒకేసారి రాసినట్టు ఇన్‌స్పెక్షన్‌లో అనుమానం రాకుండా. అంత తెలివి ఉండేది నాకు.

ఆ ఏడు ముప్పై ఒకటో వారం ఏప్రిల్‌లో పడింది. పదో తరగతి పిల్లలు ఖాళీగా ఉండే రోజులు కనుక అడ్మిషన్ల కోసం మమ్మల్నందర్నీ కరపత్రాలిచ్చి పంపారు. నేను వారం రోజులూ మద్దిలపాలెం బస్ డిపో ముందు గొడుగు కింద టేబుల్ వేసుకుని కూర్చున్నాను. మా పిల్లలు పొద్దున్నే వచ్చి హాజరు వేయించుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. తిరిగి క్లాసుకి వెళ్ళేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి. పుస్తకంలో ఆ చాప్టర్ పేజీలు తిప్పుతుంటే వెనక బెంచీ నుంచి ఎవరో, "ఆ తాళ్ళ బొమ్మ ఏటి మేడం?" అని అడిగారు. "ఒక్క బిట్టు వస్తుంది, వదిలేయ్, కూర్చో," అన్నాను. అడిగింది ఎవరో కూడా చూడలేదు.

శ్రీరామ్మూర్తి వచ్చి వెళ్ళిన మర్నాడు ఆదివారం. ఇంట్లో కాలు నిలవక సముద్రం ఒడ్డునున్న పెదజాలారిపేట వెళ్ళాను. నాగబాబును చూసి వద్దామనే బయల్దేరాను. చూసి ఏం చెయ్యాలో అనుకోలేదు.

వాళ్ళమ్మ పోతమ్మ గుమ్మంలోనే గుర్తుపట్టింది. సీతమ్మధారలో మా వీధిలో ఆవిడ చేపలు అమ్ముతుందట. చేపలు కొనే అలవాటు లేక నేనే ఎప్పుడూ తలెత్తి చూడలేదు. "ఓలమ్మా, మేడంగారా! బాబూ, నీ మేడం వచ్చీసారు," అని కుర్చీ తుడిచి వేసింది. తండ్రి వరహాలు వేటకెళ్ళాడు. ఆ ఇంట్లో సముద్రం మీదికి వెళ్ళకుండా వేరే పనికి వెళ్ళిన మొదటివాడు నాగబాబు. గోడకి వాడి ఐటీఐ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి పెట్టారు.

నాగబాబు లోపలి గదిలోంచి వచ్చాడు. గడ్డం పెరిగింది. చేతిలో ఒక నోట్‌బుక్కు ఉంది. నమస్కారం పెట్టి, నేను ఎందుకొచ్చానని కూడా అడక్కుండా నేల మీద కూర్చుని దాన్ని తెరిచాడు.

"మేడం, ఆ రోజు నాను కాలేజీకి వచ్చానంట. శ్రీరామ్మూర్తి సారు ఫోనులో సూపించాడు. మీ డైరీలో ఉందంట. కానీ నా బుర్రలో నేదు మేడం. ఎంత గుర్తు సేసుకున్నా నేదు. మీరు సెప్పినవన్నీ ఉన్నాయి. పళ్ళచక్రాలది ఉంది, రేకు కొలతలది ఉంది. ఇదొక్కటే నేదు."

"మీ ఫ్రెండ్స్‌ని అడిగావా?" అన్నాను.

"అడిగాను. ఎవుడికీ గుర్తు నేదు. ఒకడు సెప్పీసారనే అన్నాడు. ఇటు సూడండి." నోట్‌బుక్కు నా వైపు తిప్పాడు. ప్రతి పేజీ మూలా పెన్సిల్‌తో నంబరు వేసి ఉంది. "రొండొందల పేజీల బుక్కు. లెక్కెట్టాను. నూట తొంభై ఆరే ఉన్నాయి. రేకు కొలతల కాడి నుంచి టక్కున పరీక్ష పేపర్లకి ఎల్లిపోనాది. మద్దిలో రొండు కాయితాలు సింపీసినట్టు కుట్టు కాడ ముక్కలున్నాయి. అందులోనే రాసుంటాను మేడం. రాసుకుని మర్చిపోనాను. ఆ కాయితాలుంటే సూరన్న బావ బతికుండీవోడు."

నాకు తప్పించుకునే దారి వాడే వెతికిపెట్టాడు. అవును, అందులోనే ఉండాలి అంటే సరిపోతుంది. ఆ మాటైతే నేను అనలేదు. అంతకంటే గొప్ప పనేమీ చెయ్యలేదు కూడా.

"ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగాను.

"మూడు టన్నుల దూలం మేడం. తాళ్ళు రెండు, ఒక్కోటి రెండు టన్నులు మోత్తాది. రెండూ రెండూ నాలుగు. సాలుద్దనుకున్నాను. షెడ్డు కప్పు కిందికి ఉన్నాది, క్రేను కొక్కెం పైకి ఎల్లదు. పొడుగు తాళ్ళు కడితే దూలం నేల మీంచి నేగదు. అందుకని పొట్టివి కట్టాను. సూరన్న బావ ఏదో నసిగాడు, నాను ఇన్నేదు. నేగిన తరవాత మనిసెత్తు కూడా ఎల్లనేదు మేడం."

వాడు చెబుతుంటేనే నాకు లెక్క తేలిపోయింది. తాళ్ళు పొట్టివైతే రెండూ నిటారుగా నిలబడవు, దూలం మీదికి వాలిపోతాయి. అప్పుడవి బరువు మొయ్యడంతో పాటు ఒకదాన్నొకటి లాక్కోవాల్సి వస్తుంది. ఒక్కో తాడు మీద పడేది సగం బరువు కాదు, మొత్తం దూలం బరువుని మించిపోతుంది. ఇది నాకు పదకొండేళ్ళుగా తెలుసు. పుస్తకంలో రెండు పేజీలు. కుర్రాళ్ళకి చెప్పడానికి ఒక్క పీరియడ్ చాలు.

పోతమ్మ టీ తెచ్చింది. తాగాను. జాగ్రత్త అన్నాను, ధైర్యంగా ఉండమన్నాను, లేచాను. పదకొండేళ్ళుగా పిల్లల మీద కేకలేసిన నోరు అప్పుడు పెగల్లేదు.

పోతమ్మ ఆటో దాకా సాగనంపడానికి వచ్చింది. వలలు ఆరేసిన చోటు దాటాక ఆగి, వెనక్కి చూసి, గొంతు తగ్గించింది.

"మేడంగారూ, బాబుకి సెప్పకండి. ఆ కాయితాలు నానే సింపాను. ఎండు సేపలు పొట్లం కట్టడానికి ఏ కాయితం దొరక్క సింపీసాను. సదువు రానిదాన్ని, అందులో ఏటుందో నాకేటి తెలుసు? అందులోనే ఉందేమో ఆ లెక్క. నా సేతుల్తో నానే సింపీసాను తల్లీ. సూరన్న పెళ్ళాం మొకం సూడనేపోతన్నాను."

"అందులో ఉండదమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మరెక్కడుందమ్మా?"

ఆటోవాడు హారన్ కొట్టాడు. నేను ఎక్కి కూర్చున్నాను. ఆ ప్రశ్నకి జవాబివ్వకుండా వచ్చేశాను. సీతమ్మధార చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఏడిస్తే ఆవిడకి జవాబు దొరకదు కదా అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

సోమవారం పొద్దున్న ఎంక్వైరీకి బయల్దేరే ముందు కాలేజీలో సామాను గదికి వెళ్ళాను. బీరువా కింది అరలో ఒక అట్టపెట్టె ఉండాలి. ఉంది. రెండు స్ప్రింగ్ కాటాలు, నైలాన్ తాడు, కొక్కేలు. తాళ్ళ లెక్క పిల్లలకి చూపించడానికని ఎప్పుడో కొన్న సామాను. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

వెల్డింగ్ చెప్పే హుస్సేన్ బాషాగారు ఏదో రాడ్డు కోసం లోపలికొచ్చారు. పాతనగరం మనిషి. తండ్రి కాలం నుంచీ ఇనుము పనే. మా అందరికంటే పెద్దవారు. నా చేతిలో పెట్టె చూసి ఆగారు.

"యార్డు సంగతి ఇన్నానమ్మా," అన్నారు.

"ఆ పాఠం నేను చెప్పలేదు బాషాగారూ."

ఆయన ఆశ్చర్యపోలేదు. బల్ల అంచు మీద కూర్చున్నారు. "డైరీ నానూ అలాగే రాత్తానమ్మా. పక్క పక్కనే కూర్చుని రాసినోళ్ళం, నీకు తెలీందేటుంది. సగం పాఠాలు నానూ ఎగ్గొట్టినోణ్ణే. కానీ గ్యాస్ సిలిండర్ పాఠం మటుకు ఏ బ్యాచ్‌కీ వదల్లేదు. అది వదిలితే పిల్లలు పోతారు. నాకు కళ్ళ ముందు కనబడద్ది గాబట్టి తెలుసు. నీది కాయితం మీద లెక్క. నీకు కనబళ్ళేదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"నానేటి సెప్పేది తల్లీ? నువ్వు సిన్నపిల్లవి కాదు." లేచి, తలుపు దగ్గర ఆగారు. "ఆ కాటాలు తీసుకెళ్ళు. రిజిస్టర్లో నా పేరు మీద రాసుకుంటాను."

కారులో గురునాథరావుగారు నా పక్కనే కూర్చున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. దారి పొడుగునా నాకు ధైర్యం చెప్పారు. "వాళ్ళు 'ఈ సంతకం మీదేనా' అని అడుగుతారు. 'నాదే' అనండి. చాలు. అందులో అబద్ధం ఏముంది? సంతకం మీదే కదా." నేను ఒళ్ళో పెట్టె పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అదేమిటని ఆయన అడగలేదు.

యార్డు ఆఫీసులో పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు. మధ్యలో ఒక పెద్దాయన, ఆయన పక్కన శ్రీరామ్మూర్తి. గోడ వార బెంచీ మీద నాగబాబు, వాడి పక్కన వేట నుంచి తిరిగొచ్చిన వరహాలు. నాగబాబు ఆ నోట్‌బుక్కు అక్కడికి కూడా తెచ్చుకున్నాడు.

పెద్దాయన డైరీ నా ముందుకి జరిపారు. "ఈ సంతకం మీదేనా మేడం?"

"నాదే."

గురునాథరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు.

"పాఠం మాత్రం జరగలేదు," అన్నాను. "ఆ వారం నేను డిపో ముందు అడ్మిషన్ల టేబుల్ దగ్గర ఉన్నాను. తరవాత కూడా చెప్పలేదు. పరీక్షకి ఒక్క బిట్టే వస్తుందని వదిలేయమన్నాను. ఇది నెలాఖరున కూర్చుని రాసింది. నాగబాబుకి ఈ లెక్క తెలియదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు."

శ్రీరామ్మూర్తి మొహం ఎర్రబడింది. "మేడం, మీరేం మాట్లాడుతున్నారో తెలుసా? ఇది రికార్డు."

"రికార్డు కాబట్టే చెబుతున్నాను." నా గొంతు మళ్ళీ నాకు దొరికింది. అది కేకగా రాబోయి మామూలు మాటగా వచ్చింది. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, ముప్పై ఒకటో వారం మీద అడ్డంగా 'ఈ పాఠం జరగలేదు' అని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం చేశాను. నా చేతిరాత ఈసారి అంత బాగా రాలేదు.

పెద్దాయన ఆ పేజీని చదివారు. తరవాత శ్రీరామ్మూర్తి వైపు తిరిగి, "తెగిన తాడు ఎప్పటిది? ఆఖరుసారి ఎప్పుడు చెక్ చేశారు? ఆ కాగితాలు తీసుకురండి," అన్నారు. శ్రీరామ్మూర్తి వెంటనే లేవలేదు. ఎంక్వైరీ ఇంకా తేలలేదు కనుక అంతకు మించి నేనేమీ చెప్పకూడదు. నా ఉద్యోగం సంగతి మాత్రం కారు ఎక్కకముందే తేలిపోయింది. రేపటి నుంచి రావద్దని గురునాథరావుగారు చాలా మర్యాదగా చెప్పారు. కారులో చోటున్నా నేను ఎక్కలేదు.

గేటు దగ్గర నాగబాబు నిలబడి ఉన్నాడు. వాడు నాకు దణ్ణం పెడతాడని ఏ మూలో అనుకున్నాను కాబోలు. మనిషి బుద్ధి అలాంటిది.

"నిన్న మా ఇంటికొచ్చారు గదా మేడం," అన్నాడు. "మా యమ్మ టీ ఇచ్చింది. మీకు పేజీలు సూపించాను. అప్పుడెందుకు సెప్పనేదు?"

"భయమేసింది."

"రాత్రంతా కాయితాలు ఎతికాను. మంచం కింద, బియ్యం డబ్బా ఎనకాల. మా యమ్మ కూడా నాతోపాటే ఎతికింది, ఏడుత్తా."

వరహాలు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. వాడు నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. కోపం పోలేదు, కానీ కళ్ళు నా చేతిలో పెట్టె మీద ఉన్నాయి.

"ఇంతకీ ఆ లెక్క ఏటి మేడం?"

మర్నాడు పొద్దున్న పెదజాలారిపేటలో వాళ్ళ ఇంటి ముందు, పడవలు లాగి పెట్టిన ఇసకలో ఆ పాఠం జరిగింది. మొదలుపెట్టే ముందు పోతమ్మ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, మీరు చింపిన కాయితాల్లో ఆ లెక్క లేదు. నేను వాడికి చెప్పనే లేదు. తప్పు నాది," అన్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, బకెట్ తెచ్చి ఇసక పోసింది.

కాటాకి తగిలించి చూసి సరిగ్గా పది కిలోలు చేశాం. బకెట్ పిడికి రెండు తాళ్ళు కట్టాను, మీటరు పొడుగు చొప్పున. ఒక్కో తాడు చివర ఒక కాటా. ఒకటి నాగబాబు పట్టుకున్నాడు, ఒకటి నేను. పక్క పక్కనే నిలబడి ఎత్తాం.

"ఎంత చూపిస్తోంది?"

"ఐదు."

"నాది కూడా ఐదు. రెండూ కలిపితే పది. నువ్వు అనుకున్నది ఇదే. ఇప్పుడు నువ్వటు జరుగు, నేనిటు జరుగుతాను. బకెట్ నేలకి తగలకూడదు."

జరిగాం. కాటా ముల్లు ఆరు దాటింది. ఇంకా జరిగాం. ఏడు. నాగబాబు కాటా వైపే చూస్తున్నాడు. మా చేతుల ఎత్తు నుంచి బకెట్ పిడి దాకా ఎంతుందో వరహాలు టేపు పెట్టి కొలిచాడు. అర మీటరు వచ్చేసరికి ముల్లు పది దగ్గర నిలబడింది.

"మేడం, పదే గదా మొత్తం బకెట్టు?"

"మొత్తం బకెట్ బరువు నీ ఒక్కడి తాడు మీదే ఉంది. నా తాడు మీద కూడా అంతే ఉంది. ఇంకా జరుగు."

తాళ్ళు బిగుసుకుపోయాయి. నా మోచేతులు వణుకుతున్నాయి, వాడి చేతులూ వణుకుతున్నాయి. ఎత్తు పాతిక సెంటీమీటర్లు అని వరహాలు చెప్పాడు. ముల్లు ఇరవై దగ్గరుంది. ఇక పట్టలేక బకెట్ వదిలేశాం.

"తాడు పొడుగుని ఎత్తుతో భాగించు," అన్నాను. రొప్పుతూనే చెప్పాను. "వచ్చినదాన్ని సగం బరువుతో హెచ్చవెయ్యి. ఒక్కో తాడు మీద పడేది అదే. ఫార్ములా పుస్తకంలో వేరేగా ఉంటుంది, పనిలో ఇది చాలు. టేపు ఉంటే చాలు."

నాగబాబు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నోట్‌బుక్కు తియ్యలేదు. వేలితో ఇసకలో రాశాడు. వంద, బటా పాతిక, అక్కడ నాలుగు. నాలుగైదులు ఇరవై. దాన్ని చేత్తో చెరిపేసి మళ్ళీ రాశాడు. ఈసారి నేనేమీ చెప్పకుండానే, యార్డు లెక్క. తాడు మూడు మీటర్లు. కొక్కెం నుంచి దూలం దాకా ఎత్తు ఒక్క మీటరు. మూడు. సగం బరువు ఒకటిన్నర టన్నులు. వేలు ఆగింది.

"నాలుగున్నర," అన్నాడు. "రొండు టన్నుల తాడు మీద నాలుగున్నర."

"అవును."

"ఇంతేనా మేడం?"

నేను మొదలుపెట్టేటప్పుడు ఫోనులో టైము చూసుకున్నాను. అలవాటు. అప్పటికి పదకొండు నిమిషాలైంది.

"ఇంతే," అన్నాను.

వాడు ఇసకలో ఆ నాలుగున్నర మీద అరచెయ్యి పెట్టి, చెరపకుండా అలాగే ఉంచాడు. ఆ తరవాతి మాటలు నాతో అన్నాడో, తండ్రితో అన్నాడో, ఇప్పటికీ నాకు తెలియదు.

"సూరన్న బావ అదే అన్నాడు. 'తాళ్ళు మరీ బిగుసుకుపోతన్నాయిరా, నాకెందుకో నచ్చనేదు, దింపీ' అన్నాడు. ముప్పై ఏళ్ళు తాళ్ళు పట్టినోడు. నాను నవ్వినాను. రెండూ రెండూ నాలుగు బావా, లెక్క కరెక్టుగా ఉందీ అన్నాను. బావ, 'సదువుకున్నోడివి, నీకే తెలుసుద్దిలే' అని ఎల్లి దూలం కాడ నిలబడ్డాడు."